చెప్పినవారి పేరు

నాలుగో తారీఖు, మంగళవారం

ఈ కొలతల పుస్తకంలో ముందు సగమంతా తలలు. చుట్టుకొలత, నుదుటి ఎత్తు, చెవి నుంచి చెవికి ఎంత. వెనక సగం ఖాళీ. ఆ ఖాళీలో రాసుకుంటున్నాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నరం చిట్లుతుందేమోనని భయంగా ఉంది. పొద్దుటి నుంచి మెడ వెనక పట్టేసింది. పక్షవాతం ఇలాగే మొదలవుతుందని మందుల షాపు అతను ఒకసారి అన్నాడు. కాదు, అతను వేరే దేని గురించో అన్నాడు. ఏమైనా పట్టేసిన మాట నిజం.

ఇవాళ కొట్టుకి కొత్తావిడ వచ్చింది. జుట్టు పలచబడిందట, మెత్తటి టోపీ కావాలంది. మా తోడికోడలు చిన్నది టేపు తీసుకుని తల కొలిచింది. కొలుస్తూ, ఎప్పటిలాగే "మా అత్తగారనేదండీ" అని తల గురించి ఒక మాట అంది.

మా కొట్లో ఇది అలవాటు. టేపు తలకి చుట్టినప్పుడు మనిషి కదలకూడదు. పిల్లలైతే మెలికలు తిరుగుతారు, పెద్దవాళ్ళు అద్దంలోకి తిరుగుతారు. అందుకని ఒక మాట వేస్తారు. విన్నవాడు దాని అర్థం ఆలోచిస్తూ బొమ్మలా నిలబడతాడు. ఆ లోపల అంకె చూసేసుకోవాలి. అత్తగారి మాటలని మా కొట్టుకి పేరు. కొందరు టోపీ అక్కర్లేకపోయినా ఆ మాట కోసం తల చూపించి పోతారు.

కొత్తావిడ మాత్రం బొమ్మలా నిలబడలేదు. టేపుతో సహా గిర్రున తిరిగి "ఏమన్నారు? మళ్ళీ అనండి" అంది. చేతిసంచిలోంచి అట్టముక్క లాంటి కార్డు తీసింది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిందట. దేశదేశాల్లో తల గురించి జనం ఏమేం చెప్పుకుంటారో పదకొండేళ్ళుగా పోగు చేస్తోందట. తల మీద మాట లేని జాతి ఒక్కటీ తగల్లేదంది. ఒకళ్ళు తలని కుండ అన్నారట, ఒకళ్ళు ఇల్లన్నారట, ఒకళ్ళకి అది దించుకోలేని మూట అట.

"మీ పేరు?" అని అడిగింది.

చిన్నది చెప్పింది. ఇంటిపేరుతో సహా. ఆవిడ రాసుకుంటుంటే దీర్ఘం ఎక్కడుందో కూడా చూపించింది.

ఆ మాట నాది. అంటే, అత్తగారు ముందు నాకు చెప్పింది. చిన్నది ఈ ఇంటి కోడలుగా రాకముందే చెప్పింది. తెర వెనకే, మూడు బారల దూరంలోనే కూర్చుని ఉన్నాను. లోపల ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

అయిదో తారీఖు, బుధవారం

కార్డులావిడ మళ్ళీ వచ్చింది. టోపీ ఇంకా కత్తిరించనే లేదు. టోపీ కోసం రాలేదు మరి. చిన్నది మూడు మాటలు చెప్పింది. మూడు కార్డులు.

ఇస్త్రీపెట్టె ఆపానో లేదో గుర్తు రాక మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళాను. ఆపే ఉంది.

ఏడో తారీఖు, శుక్రవారం

ఇంకో రెండు. మొత్తం ఆరు. నేను లెక్క పెట్టడం లేదు, తెరలోంచి వినబడుతుంటే చెవులు మూసుకోలేను కదా.

పుస్తకం అచ్చు వేస్తారట. ప్రతి మాట కింద "చెప్పినవారు" అని పేరు వేస్తారట. అది విని సూది వేల్లో గుచ్చుకుంది. రక్తం తెల్ల గుడ్డకి అంటింది. ఆ ముక్క పారేశాను.

ఎనిమిదో తారీఖు, శనివారం

నిన్న రాయడం మానేసిన సంగతి రాస్తాను.

కొట్టు బోర్డు మీద మామగారి పేరుంది. టోపీ లోపల కుట్టే చీటీ మీద కొట్టు పేరుంది. నలభై నాలుగేళ్ళుగా ఊళ్ళో సగం మంది తలల మీద నా చేతి కుట్టుంది. బ్యాండు వాళ్ళవి, హోటలు గుమ్మం దగ్గర సలాం కొట్టే వాడివి, ఆసుపత్రిలో జుట్టు ఊడిన పిల్లలవి. నా పేరు ఎక్కడుంది? ఆసుపత్రి చీటీ మీద ఉంది. అక్కడా వయసు తప్పు వేశారు.

చిన్నది ముందు కూర్చుంటుంది, నేను వెనక. అది వచ్చిన ఏడాదే అత్తగారు అలా పంచేసింది. దానికి టేపు ఇచ్చింది, నాకు అస్తరు. అస్తరంటే టోపీ లోపల వేసే గుడ్డ. చిన్నదానికి నవ్వు మొహం, నాకు చెయ్యి నిదానం అంది. నేనేం బాధపడలేదు. అప్పుడు మా పెద్దాడు కడుపులో ఉన్నాడు, కూర్చుని చేసే పని మంచిదే అనుకున్నాను. పెద్దాడికిప్పుడు ముప్పై ఏడు నిండాయి. నేనింకా లోపలే కూర్చున్నాను.

మరిది పోయాడు, మా ఆయనా పోయాడు. పిల్లలు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళున్నారు. మిగిలింది మేమిద్దరం తోడికోడళ్ళం, కొట్టు, కొట్టు వెనక రెండు గదులు. దానికెందుకు అన్నీ?

పదకొండు, మంగళవారం

ఇవాళ తెర తీసి బయటికి వచ్చాను. కుండపోతగా వర్షం, గిరాకీ లేదు, కార్డులావిడ ఒక్కతే ఉంది. ఇదే సమయం అనుకున్నాను. అత్తగారి మాటల్లో చిన్నది ఇంకా చెప్పనిది ఒకటుంది. నిద్రలో లేపినా చెప్పగలను.

"మేడం, మా అత్తగారు..." అన్నాను. ఆవిడ కలం ఎత్తి పట్టుకుంది. పైన ఫాను ఊగుతోంది. దాని మర వదులైందని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను, ఊడితే సరిగ్గా ఆవిడ తల మీదే పడుతుంది. ఆ ఆలోచన రాగానే మాట సగంలో ఆగిపోయింది.

"ఆ, అదా అక్కా!" అంది చిన్నది. మిగతా సగం గలగలా చెప్పేసింది. చెయ్యి తిప్పుతూ, ఆ నవ్వుతో.

ఆవిడ రాసుకుంది. చెప్పినవారు, చిన్నది.

ఒళ్ళు మండిపోయింది. లోపలికి వచ్చి కుట్టిన అస్తరు విప్పేసి మళ్ళీ కుట్టాను. మొదటిది బాగానే ఉంది.

పన్నెండు, బుధవారం

తొమ్మిది.

పదమూడు, గురువారం

మా పెద్దాడికి ఫోను చేశాను. లారీ వేసుకుని ఏదో దారిలో ఉన్నాడు. "టైర్లు చూసుకున్నావా?" అన్నాను. "చూసుకున్నానమ్మా." "బ్రేకులో?" "చూసుకున్నానమ్మా." "తల గురించి మీ నాయనమ్మ ఏమన్నా చెప్పేదిట్రా నీకు చిన్నప్పుడు?" అని అడిగాను.

"నాయనమ్మా? నాయనమ్మ మాట్లాడేదా అసలు?" అన్నాడు వాడు.

వీడికేం గుర్తుంటుంది? ఎప్పుడూ వీధిలోనే ఉండేవాడు.

పద్నాలుగు, శుక్రవారం

రేపు కార్డులావిడ టోపీ అందించాలి. నేనే తీసుకెళ్తానన్నాను. "బస్సెక్కగలవా అక్కా? మెట్లు ఎత్తు. జారిపడ్డావంటే పెద్దాడు నన్ను తిడతాడు" అంది చిన్నది. "ఎక్కగలను" అన్నాను. "పోనీ నేను వెళ్ళనా?" అంది. కళ్ళలో ఆదుర్దా. ఏమిటో అంత ఆదుర్దా! పదోది పట్టుకెళ్ళాలని ఉన్నట్టుంది.

పదిహేను, శనివారం

బస్సులో గుర్తొచ్చింది.

కిటికీ పక్క సీటు దొరికింది. ఒడిలో టోపీ పొట్లం. బోల్తా పడితే టోపీ నలుగుతుందా, నేను నలుగుతానా అని ఆలోచిస్తున్నాను. పొట్లం విప్పి అస్తరు ఒకసారి నిమిరాను. అప్పుడు గుర్తొచ్చింది, అత్తగారి మాట ఒకటి. టోపీ లోపలి గుడ్డ గురించి. తలకి అంత దగ్గరగా ఉండేది అదొక్కటే కదా, చూసేవాళ్ళ కళ్ళకి అది మాత్రం కనబడదు కదా, దాని గురించి. మొదట సగం గుర్తొచ్చింది. రెండు స్టాపులు దాటాక మిగతా సగం. మొదటి సగంలో ఒక పదం తీసేసి మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. అప్పుడు సరిగ్గా కుదిరింది.

కల్పించలేదు. గుర్తొచ్చింది.

మాట మాత్రం ఇక్కడ రాయను. చిన్నదానికి కళ్ళజోడు లేనిదే అక్షరం ఆనదు, కానీ కళ్ళజోడు ఉందిగా.

కార్డులావిడ ఇల్లు మేడ మీద ఒకటే గది. గోడ పొడుగునా చెక్క సొరుగులు, ఒక్కో దాని మీద చీటీ. తలా నోరూ. తలా బరువూ. తలా కాళ్ళూ. ఒక సొరుగు లాగి చలిదేశపు కార్డు చూపించింది. అక్కడి లిపి ముళ్ళకంపలా ఉంది. కింద పేరు. "ఈవిడ బట్టలుతికేదట. పోయి ముప్పై ఏళ్ళయింది" అంది.

ముప్పై ఏళ్ళు! ఎక్కడో మంచులో బట్టలుతుక్కున్న మనిషి పేరు, ఇక్కడ, మేడ మీద, సొరుగులో చల్లగా పడుకుని ఉంది. ఎదురుగా ఉంటే ఆవిణ్ణి కూడా పీక పిసికేదాన్ని.

అప్పుడు చెప్పాను. ఫాను కేసి చూడలేదు, చివరిదాకా చెప్పాను.

ఆవిడ రాసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. లేచి మూడు సొరుగులు వెతికింది, నాలుగోది కూడా వెతికింది. "ఇలాంటిది ఎవ్వరి దగ్గరా లేదు పెద్దమ్మగారూ. అందరూ తల గురించో టోపీ గురించో చెప్పినవాళ్ళే. లోపలి గుడ్డ గురించి ఎవరూ చెప్పలేదు. పుస్తకం మొదటి పేజీలో ఇదే వేస్తాను" అంది.

నా పేరు అడిగింది. చెప్పాను. రాసింది. నేను చూస్తుండగానే రాసింది.

కూర్చోండి, టీ తాగుదురుగాని అంటే వద్దన్నాను. కప్పు పగలగొడతానేమోనని భయం.

పదహారు, ఆదివారం

మొదటి పేజీ. చిన్నదానివి లోపలెక్కడో, నలభయ్యో పేజీలోనో యాభయ్యో పేజీలోనో ఉంటాయి.

పదిహేడు, సోమవారం

నిన్న సంతోషంలో ఒక సంగతి రాయలేదు. గుమ్మం దాటబోతుంటే కార్డులావిడ అంది, "ఏ మాటకైనా రెండో నోరు కావాలండి. అదే పెద్దల దగ్గర విన్నామని ఇంకొకళ్ళు చెప్పాలి. లేకపోతే పుస్తకంలో వెయ్యను, అది నా నియమం. శనివారం వచ్చి మీ ఇద్దర్నీ అడుగుతాను. ఆవిడవి మీరు, మీది ఆవిడ."

చిన్నదాన్ని అడుగుతుంది. మీ అత్తగారి నోట ఇది విన్నారా అని.

పద్దెనిమిది, మంగళవారం

అన్నం సయించలేదు. చిన్నది గమనించి "బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది. వేసుకున్నానన్నాను. తర్వాత వేసుకున్నానో లేదో గుర్తు రాలేదు. రెండోది వేసుకుంటే తల తిరిగి పడిపోతానేమో, వేసుకోకపోతే నరం చిట్లుతుందేమో. సగం వేసుకున్నాను.

పంతొమ్మిది, బుధవారం

సరే. గుర్తు రాలేదు. పుట్టించాను. ఇక్కడ అబద్ధం రాసి ఎవర్ని మోసం చేయాలి?

ఇంకొకటి కూడా రాస్తాను. అత్తగారు నాకు ఏ మాటా చెప్పలేదు. ముందూ చెప్పలేదు, వెనకా చెప్పలేదు. ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి, పెదాల మధ్య ఆరో ఏడో. పొద్దున లేచింది మొదలు దీపం పెట్టేదాకా అలాగే ఉండేది. తల కొలిచి వేళ్ళతో అంకె చూపించేది. మా పెద్దాడు సరిగ్గానే అన్నాడు, ఆవిడ మాట్లాడేదా అసలు? ఆ తొమ్మిది మాటలూ నేను మొదట ఎక్కడ విన్నానా అని రోజంతా తవ్వుకున్నాను. తెరలోంచే విన్నాను. ప్రతిదీ చిన్నదాని గొంతులోనే. పోలీసు టోపీ కొలిచినప్పుడు ఒకటి, కవలపిల్లలు వచ్చినప్పుడు ఒకటి, బట్టతల స్టేషను మాస్టరు వచ్చినప్పుడు నవ్వలేక చచ్చిన ఆ ఒకటి.

అన్నీ అదే పుట్టించింది. మా అత్తగారనేదండీ అంటూ ముప్పై ఎనిమిదేళ్ళు అందర్నీ నమ్మించింది.

అంటే శనివారం నన్ను అడిగినప్పుడు...

ఇరవై, గురువారం

అంటే శనివారం నేను "లేదండి" అంటే తొమ్మిదీ పోతాయి.

ఇరవై ఒకటి, శుక్రవారం

ముందు దాన్ని రేపు ఇంట్లో లేకుండా చేద్దామనుకున్నాను. అడిగే మనిషి లేకపోతే నా మాటకి గండం తప్పుతుంది.

"ఏమే, రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి రారాదూ?" అన్నాను.

"నా కళ్ళకేమైంది?"

"ఎర్రగా ఉన్నాయి."

"నీ కళ్ళజోడు తుడుచుకో అక్కా" అని నవ్వింది. "రేపు మేడం వస్తానంది. నేను లేకపోతే ఎలా?"

నిజమే, అది లేకపోతే ఏదైనా ఎలా జరుగుతుంది?

ఇరవై రెండు, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కార్డులావిడ అచ్చు కాగితాలు తెచ్చింది. బల్ల మీద పరిచింది. మొదటి కాగితంలో నా మాట, పెద్ద అక్షరాలతో. కింద చెప్పినవారు, నా పేరు. దాని కింద "విన్నవారు" అని చుక్కలు. తర్వాతి కాగితాల్లో చిన్నదాని పేరు తొమ్మిదిసార్లు. కలిపి పదిసార్లు అవుతుంది, నా మాట కింద కూడా అదే ఉంటుంది కదా విన్నవారిగా. బాగుపడ్డట్టే ఉంది అనుకున్నాను.

"ముందు మీతో మొదలుపెడదాం పెద్దమ్మగారూ" అంది. మొదటి కార్డు చదివింది. "ఇది మీ అత్తగారి నోట విన్నారా?"

చిన్నది మెడలో టేపు వేసుకుని పక్కనే నిలబడి ఉంది. మామూలుగా. వినలేదని నేనంటానని దానికి కలలో కూడా రాలేదు. ఆ నమ్మకం చూస్తే ఇంకా మంట పుట్టింది.

"లేదండి" అన్నాను.

కార్డులావిడ కలం ఆపింది. రెండోది చదివింది. "లేదండి." మూడోది. "లేదండి." అయిదోదానికి అలవాటైపోయింది. తొమ్మిదిసార్లు లేదన్నాను.

"మరి ఇవెవరివి?"

"దీనివే. దీని బుర్రలో పుట్టినవే. మా అత్తగారు నోరు విప్పే మనిషి కాదండి."

కార్డులావిడ చిన్నదాని వైపు తిరిగింది. చిన్నది టేపు మెడలోంచి తీసి చుట్ట చుట్టి బల్ల మీద పెట్టింది.

"అవునండీ" అంది. "మా అక్క అబద్ధం చెప్పదు."

నా తల కొట్టేసినట్టయింది.

కార్డులావిడ ఒక్కో కాగితం మీద పెన్సిలుతో అడ్డగీత పెట్టింది. ఆవిడకీ బాధగానే ఉంది, గీత నెమ్మదిగా గీసింది. "పెద్దలనుంచి వచ్చినవే వెయ్యాలండి. లేకపోతే పదకొండేళ్ళ పనికి విలువ ఉండదు" అంది. తర్వాత మొదటి కాగితం తీసింది. చదివింది. "ఇది మీరు విన్నారా? మీ అత్తగారు అనడం?"

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. దాని చోట నేనుంటే ఏమనేదాన్నో నాకు తెలుసు.

చిన్నది అప్పుడే మొదటిసారి ఆ మాట వింది. వింటూ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకోసారి చదవండి" అంది. ఆవిడ చదివింది.

"విన్నానండీ. అత్తగారిదే. ఈ ఒక్కటీ అనేది. సూదులు తీసి మరీ అనేది" అంది.

చుక్కల మీద సంతకం పెట్టింది.

ఇరవై మూడు, ఆదివారం

కొట్టుకి సెలవు. పొద్దున్నుంచి దాని మొహం చూడలేదు. టీ పెట్టి గదిలోకి తీసుకెళ్ళాను. అది కత్తెర నూరుకుంటోంది. కత్తెర చూసి కొంచెం వెనక్కి నిలబడ్డాను.

"కోపంగా ఉందా?" అన్నాను.

"లేకేం? నిన్న రాత్రి నిన్ను తిట్టని తిట్టు లేదు. కొన్ని కొత్తవి కూడా పుట్టించాను. వాటికి రెండో నోరు అక్కర్లేదుగా?"

"ఎందుకే అత్తగారి పేరు చెప్పేదానివి?"

"ఇరవై ఏళ్ళదాన్ని, కొత్త కోడల్ని. నేనంటున్నాను అంటే ఎవడు ఆగుతాడు? మా అత్తగారనేదండీ అంటే పోలీసు కూడా కదిలేవాడు కాదు. అత్తగారు వినేది తెలుసా? ఓ పక్కన కూర్చుని వినేది. నేనెప్పుడన్నానే అని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడకి బాగుండేదేమో."

"నాది కూడా..."

"నీదని నాకు తెలీదనుకున్నావా? అస్తరు గురించి అత్తగారికేం తెలుసు? ఆవిడ జన్మలో అస్తరు వేసిందా? నువ్వొచ్చేదాకా ఈ కొట్లో టోపీలకి అస్తరే లేదు, చెమటకి ఆర్నెల్లలో కుళ్ళిపోయేవని మావయ్య చెప్పేవాడు."

ఆ సంగతి నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను.

"మరి ఎందుకు విన్నానన్నావ్?"

కత్తెర కింద పెట్టింది. టీ తీసుకుంది. "ఒకళ్ళ పేరైనా పడాలి కదక్కా" అంది. ఒక గుక్క తాగి, నా వైపు చూడకుండా, "అదీగాక ఆ మాట వినగానే కడుపు మండిపోయింది నాకు. ముప్పై ఎనిమిదేళ్ళు తలలు కొలిచాను. పైనుంచి చూశాను, పక్కల నుంచి చూశాను. లోపల ఏముందో ఒక్కసారి తట్టిందా? నా తొమ్మిదీ కలిపినా అది రాదు. కుళ్ళుతో చచ్చాను. ఆ కుళ్ళు నీకు కనబడకూడదనే గబుక్కున సంతకం పెట్టేశాను" అంది.

నన్ను చూసి చిన్నది కుళ్ళుకుందట.

చిన్నది. నన్ను చూసి.

ఇంకో కప్పు టీ పోశాను. అడక్కుండానే రెండు చెంచాల పంచదార వేశాను. షుగరుంది దానికి. వేశాక గుర్తొచ్చి భయపడ్డాను.

ఇరవై నాలుగు, సోమవారం

అయినా సుఖం లేదు. ఆ కాగితం కళ్ళ ముందు కదులుతోంది. నా పేరు. దాని కింద దాని పేరు. మధ్యలో అత్తగారు. నా మాటకి ఆవిడెందుకు? బతికున్నన్నాళ్ళూ ఒక్క మంచి మాట అనలేదు నన్ను. ఇప్పుడు నా మాట కూడా ఆవిడే అన్నట్టు వందేళ్ళు అచ్చులో ఉంటుందా? చలిదేశంలో ఎవరో చదివి, ఆహా, ఎంత తెలివైన అత్తగారు అనుకోవాలా?

చిన్నదాని మీద జాలితో రాయడం లేదు ఇది. జాలి ఏం లేదు.

ఇరవై అయిదు, మంగళవారం

కార్డులావిడకి ఫోను చేశాను. చిన్నది మార్కెట్టుకి వెళ్ళినప్పుడు చేశాను.

"మేడం, మొదటి పేజీలోది తీసెయ్యండి."

"ఎందుకండీ?"

"అది మా అత్తగారిది కాదు. నేను పుట్టించాను."

కోప్పడుతుందనుకున్నాను. పదకొండేళ్ళ పని పాడు చేయబోయాను కదా, పోలీసు కేసు పెడుతుందేమో, పెద్దాడు లారీ వదిలి రావాల్సొస్తుందేమో అని ఒక్క క్షణంలో ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చాను.

"మీరే పుట్టించారా?" అంది. "ఎప్పుడు?"

"మీ ఇంటికొస్తూ. బస్సులో."

"ఏ బస్సు?"

"పద్నాలుగో నంబరండి."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆగదే! "ఇన్ని దేశాలు వెతికానండీ, ఏ మాట ఎక్కడ పుట్టిందో ఒక్కదానికీ దొరకలేదు. ఎప్పుడూ ఎవరో పెద్దవాళ్ళు అన్నారంతే. మొదటిసారి బస్సు నంబరు దొరికింది, వేసుకోడానికి లేదు!" అంది. మళ్ళీ నవ్వింది. తర్వాత గొంతు మార్చి "తీసేస్తే మీ పేరు పోతుంది, తెలుసు కదా?" అంది.

తెలుసన్నాను. ఫోను పెట్టేశాక ఓ పది నిమిషాలు కూర్చుండిపోయాను. ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

చిన్నదానికి సాయంత్రం చెప్పాను. "పిచ్చిదానా!" అంది. అక్కా అని కూడా అనలేదు. "ఒక్కటి మిగిలిందనుకుంటే అదీ ఊడగొట్టుకున్నావా? మరి నా అబద్ధం ఏం కావాలి?"

"నా మాట కింద నీ పేరెందుకని తీయించాను" అన్నాను.

"అదీ సంగతి" అంది. "అలా చెప్పు. జాలిపడ్డావేమోనని బెదిరిపోయాను."

ఇరవై ఎనిమిది, శుక్రవారం

ఫాను మర బిగించే అతను వచ్చాడు. ఇంకో పదేళ్ళు ఢోకా లేదన్నాడు. పదేళ్ళ తర్వాతో?

ఇరవై తొమ్మిది, శనివారం

బ్యాండులో బాకా ఊదే మనిషి వచ్చాడు కొత్త టోపీకి. పెద్ద తల, బుర్ర నిండా రింగుల జుట్టు, నిలకడ లేదు. చిన్నది టేపు చుట్టింది. నేను లోపల అంచు కుడుతున్నాను.

"మా అక్క అంటుందండీ" అంది.

చెయ్యి ఆగిపోయింది. చిన్నది నా మాట అంది. బాకా అతను కదలకుండా నిలబడ్డాడు. నిశ్శబ్దం తెర దాటి నా దాకా వచ్చింది. నలభై నాలుగేళ్ళలో ఏ కస్టమరూ ఇంతసేపు ఆగలేదు. అంకె రెండుసార్లు చూసుకోవచ్చు.

కానీ చివర్లో ఒక పదం మార్చింది.

"అది కాదే!" అన్నాను లోపల్నుంచి. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "చివర్లో అలా కాదు, నేనన్నట్టే అను!"

"ఎవరండీ లోపల?" అన్నాడు అతను.

"ఆవిడేనండీ. మా అక్క" అంది చిన్నది. నా పేరు కూడా చెప్పింది. నా వైపు తిరిగి, "నీది నోట్లో తిరగట్లేదక్కా, నాది జారుతుంది. ఇలాగే అంటాను. నచ్చకపోతే బయటికొచ్చి నువ్వే కొలువు" అంది.

బయటికి వెళ్ళలేదు. చేతిలో పనుంది.

అతను వెళ్ళాక కూడా మా ఇద్దరికీ గంటసేపు అదే గొడవ. మాట నాదైనప్పుడు మార్చడానికి అదెవరు? పుట్టించడం ఒకళ్ళూ, చక్కదిద్దినట్టు పోజు కొట్టడం ఇంకొకళ్ళూనా? మార్చాక బాగుందట! ఏం బాగుంది? ఒప్పుకోలేదు. చచ్చినా ఒప్పుకోను.

సాయంత్రం ఆ రింగుల జుట్టు మనిషి టోపీకి అస్తరు వేస్తూ ఆ మాట నాలో నేనే అనుకున్నాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ప్రతిసారీ చిన్నది మార్చినట్టే వచ్చింది.

దానికి చెప్పను.